విలియం పామర్ కోఠీ – నిజాం సర్కారు అప్పు

రాంనగర్ నుండి నారాయణగూడ, కాచిగూడ చౌరస్తా, బడీచౌడీల మీదుగా కోఠీకి పోవు బస్సులలో ప్రతిదినం ఎందరో విద్యార్థులు ప్రయాణం చేస్తుంటారు. కండక్టరు “కోఠీ, కోఠీ” అని కేక వేస్తాడు, మనం దిగిపోతాం. ఆ మాటకు అర్థమేమిటని అడిగేవారు అరుదు. ఉర్దూలో కోఠీ అనగా పెద్ద భవనం. సాహుకారు హుండీలు రాసి, డబ్బు తీసి ఇచ్చే దుకాణానికి కూడా కోఠీ అనియే పేరు. ఆ వ్యాపారం చేసేవాడు కోఠీవాల్. ఈ రెండర్థాలు ఒకే చోట, ఇంచుమించు ఒకే గోడ పక్కన కలిసి ఉన్న కాలమొకటి మన నగర చరిత్రలో కలదు. ఒకటి బ్రిటిష్ రెసిడెంటు భవనం. రెండవది దానికి సమీపాన వెలసిన విలియం పామర్ కోఠీ. మొదటిది నేటికీ నిలిచి ఉన్నది, అందులో తరతరాలుగా విద్యార్థినులు చదువుకున్నారు. రెండవదాని సంగతి చాలామంది మరచిపోయినారు. ఆ మరచిన కథను మా చేతనైనంత వివరంగా ఇక్కడ చెప్పదలచినాము.

పేరు పామరే గాని ఆయన పామరుడు కాడు. 1780లో లక్నోలో పుట్టినాడు. తండ్రి జనరల్ విలియం పామర్ ఈస్టిండియా కుంఫిణీ సేనాని, వారన్ హేస్టింగ్స్‌కు ఆంతరంగికుడు. తల్లి ఫైజ్ బక్ష్ బేగం ముస్లిం కుటుంబపు స్త్రీ. ఆ దంపతులు, పిల్లలు, పరిచారికలతో కూడిన ఒక చిత్రపటాన్ని 1785 ప్రాంతంలో ఐరోపా చిత్రకారుడొకడు లక్నోలో ఆరంభించి పూర్తి చేయకుండానే విడిచిపెట్టినాడు. అది నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అందులో కనిపించే బాలకులలో ఒకడు మన విలియం.

చదువు ఇంగ్లాండులో జరిగినది. అయితే ఆయన తిరిగి వచ్చేసరికి ఈ దేశంలో ఒక ద్వారం మూతపడినది. తల్లిదండ్రులలో ఒకరు హిందూదేశస్థులైన వారికి కుంఫిణీ సివిలు, సైనిక, నౌకా ఉద్యోగాలు ఇవ్వరాదని 1791లో ఉత్తర్వు వెలువడినది. తండ్రి కుంఫిణీలో జనరలు కావచ్చును, కొడుకు మాత్రం అందులో సాధారణ అధికారి కూడా కారాదు. తెల్లవారికి నల్లవాడు, నల్లవారికి తెల్లవాడు అన్నట్లైన అటువంటి యువకులు ఎందరో స్వదేశీ సంస్థానాల కొలువులను ఆశ్రయించినారు. విలియం 1799లో నిజాం సైన్యంలో చేరినాడు. సుమారు పన్నెండేండ్లు అందులో పనిచేసి, ఆ మీదట కత్తిని పక్కనబెట్టి తక్కెడ పట్టినాడు. ఇది మాకు చిన్న విషయంగా తోచదు. ఉత్తర్వు లేకుంటే ఆయన బహుశా ఏదో కంటోన్మెంటులో పదవీ విరమణ చేసి ఉండేవాడు.

వ్యాపారం మొదట సామాన్యమైనదే. గోదావరి తీరపు అడవులలోని టేకును నదిమీదుగా సముద్రతీరానికి చేర్చి, ఓడల నిర్మాణానికి అమ్మవలెనన్నది తొలి ఆలోచనలలో ఒకటి. బీరారు ప్రత్తిమీద కూడా దృష్టి ఉండేది. 1811 నుండి 1820 వరకు ఇక్కడ రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్ ఈ ప్రయత్నాన్ని బలపరచినాడు. 1814 నాటికి విలియం పామర్ అండ్ కంపెనీ అనే పేరు స్థిరపడినది. భాగస్వాములలో ఆయన సోదరుడు హేస్టింగ్స్ పామర్, గుజరాతీ సాహుకారు బంకటీ దాస్ ఉన్నారు. బంకటీ దాస్ చేరికవల్ల కంపెనీకి బజారులో పలుకుబడి, హుండీల గొలుసు సమకూడినవి. రెసిడెన్సీకి చెందిన వైద్యుడు కూడా ఇందులో వాటాదారు కావడం గమనించదగిన విషయం. బజారుకు, రెసిడెన్సీకి నడుమ గోడ ఎంత పలుచనిదో దీనివల్ల తెలుస్తుంది.

తరువాత వచ్చి చేరినవాడు సర్ విలియం రంబోల్డ్. ఇతడు అచ్చమైన ఇంగ్లీషు ప్రభువంశీయుడు, బారొనెట్. ఇతని తాత సర్ థామస్ రంబోల్డ్ 1778 నుండి 1780 దాకా మద్రాసు గవర్నరుగా ఉండి, తిరిగి వెళ్ళినాక అవినీతి ఆరోపణలపై పార్లమెంటులో విచారణకు గురైనవాడు. మనుమడు ఇక్కడికి రావడానికి కారణం వేరు. ఇతని భార్య గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన యువతి. (ఈ హేస్టింగ్స్ ప్రభువు వేరు, వెనుక చెప్పిన వారన్ హేస్టింగ్స్ వేరు, పామర్ సోదరుని పేరు కూడా హేస్టింగ్సే కావడంచేత పాఠకులు తికమక పడకుందురు గాక.) బ్యాంకులో వాటాదారు, దేశాన్ని ఏలే ప్రభువుకు అల్లునివంటివాడు అయినాడు.

ఆ కాలాన ఇంగ్లాండులో కూడా బ్యాంకర్లు రాజకీయాలు నడిపినారు. అలెగ్జాండర్ బేరింగ్ అనే బ్యాంకరు పార్లమెంటు సభ్యుడు. నెపోలియన్ ఓటమి అనంతరం ఫ్రాన్సు చెల్లించవలసిన యుద్ధపరిహారానికి ఆ కుటుంబపు సంస్థయే 1817లో అప్పు సమకూర్చినది. కాని అక్కడ అప్పు పత్రాలు బజారులో బహిరంగంగా అమ్ముడుపోయేవి, ధర హెచ్చుతగ్గులు పత్రికలకెక్కేవి. ఇక్కడ పత్రిక లేదు, సభ లేదు, పోటీదారు కూడా లేకుండా పోయినాడు. ఎట్లనగా, బ్రిటిష్ ప్రజలు స్వదేశీ రాజులకు అప్పు ఇవ్వరాదని 1797లో పార్లమెంటు చట్టం చేసినది. కుంఫిణీ డైరెక్టర్లుగాని, గవర్నరుగాని వ్రాతమూలకంగా సమ్మతిస్తేనే మినహాయింపు. ఆ మినహాయింపు 1816లో పామర్ కంపెనీకి లభించినది. చట్టం అందరి చేతులనూ కట్టివేయగా, ఒక్కరి చేతులు మాత్రం విప్పబడినవి. కోఠీకి అసలు మూలధనం ఈ సమ్మతి పత్రమే అని మా అభిప్రాయం.

ఇప్పుడు అప్పు తీసుకున్న పక్షాన్ని చూతము. నవాబు సికందర్ జా 1803 నుండి 1829 వరకు నిజాము. దివాను మునీరుల్ ముల్క్ పేరుకు మాత్రమే. పరిపాలన యావత్తు పేష్కారు మహారాజా చందూలాల్ చేతులలో ఉండేది. చందూలాల్ ఖత్రీ కుటుంబీకుడు, ‘షాదాఁ’ అను కలంపేరుతో ఉర్దూలో కవిత్వం చెప్పినవాడు, దానశీలుడని ప్రసిద్ధి గాంచినవాడు. నేటికీ నగరంలో చందూలాల్ బారాదరి ఆయన పేరు మోస్తున్నది. కాని ఆయన నిలబడినది రెసిడెంటు అండమీద. రెసిడెంటు కోరినది సైన్యం. ఇంగ్లీషు అధికారుల కింద ‘రస్సెల్ బ్రిగేడు’ తయారైనది, అది క్రమంగా హైదరాబాదు కంటింజెంటుగా పెరిగినది. సైన్యం కుంఫిణీ అదుపులో, జీతం నిజాం ఖజానా నుండి. జీతం ఆలస్యమైతే రెసిడెంటు ఊరుకోడు. ఖజానాలో డబ్బు ఉండదు. ఈ రెంటి నడుమ చందూలాల్‌కు కనిపించిన దారి పామర్ కోఠీ.

ఏర్పాటు ఎట్లుండెనో ఒక ఉదాహరణ చెప్పితే చాలును. ఔరంగాబాదు వైపు సైన్యానికి జీతాల కొరకు కోఠీ నెలకు 2 లక్షల రూపాయలు చెల్లిస్తుంది, అనగా సాలుకు 24 లక్షలు. అందుకు బదులుగా సాలుకు 30 లక్షల మేరకు భూమిశిస్తు వసూళ్ళు కోఠీకి రాసి ఇవ్వబడినవి. పైపైన చూస్తే నూటికి 25 వడ్డీ అనిపిస్తుంది. ఆనాటి సాహుకార్లు 24 దాకా తీసుకోవడం అరుదు కాదు గనుక ఇందులో వింత లేదనవచ్చును. కాని కొంచెం కాగితం కలం తీసుకొని చూడండి. ఆ 24 లక్షలు ఏడాది మొదట ఒక్కసారిగా ఇచ్చినవి కావు, నెలనెలా ఇచ్చినవి. మొదటి నెల సొమ్ముకు పన్నెండు నెలల వడ్డీ, చివరి నెల సొమ్ముకు ఒక్క నెల వడ్డీ. నూటికి 25 చొప్పుననే లెక్కించినా మొత్తం వడ్డీ మూడుంబావు లక్షలే అవుతుంది. మరి తనఖా పడినది ఆరు లక్షలు ఎక్కువ. వసూలులో తరుగు ఉండవచ్చును, కాదనము. అయినను తరుగు భయం తీర్చుకొనుటకు రెట్టింపు దగ్గర హక్కు రాయించుకొనుట సాహుకారు జాగ్రత్త కంటె మించినదే. తీరని వడ్డీ తిరిగి అసలులో కలిసేది.

ఈ 30 లక్షలు చెల్లించేది ఎవరు? దస్తావేజు మీద చందూలాల్ మొహరు ఉన్నది, పామర్ సంతకం ఉన్నది, కలకత్తా సమ్మతి ఉన్నది. పొలం దున్నేవాని వేలిముద్ర మాత్రం లేదు. ఆ రోజులలో తాలూకాలను ఎక్కువ నజరానా ఇచ్చినవారికి ఇజారాకు ఇచ్చేవారు. ఇజారాదారు తానిచ్చినదానికి మించి రాబట్టుకోవలె. ఏడాది తిరగకముందే ఇంకొకడు ఎక్కువ ఇస్తే తాలూకా చేయి మారేది. కొత్తవాడు మళ్ళీ మొదటి నుండి వసూలు ప్రారంభించేవాడు. రైతులు ఎడ్లను తోలుకొని, సామాను నెత్తిన పెట్టుకొని ఊళ్ళు విడిచిపోయేవారు. పాడుపడిన గ్రామాల ప్రస్తావన ఆనాటి రెసిడెన్సీ లేఖలలో పదే పదే వస్తుంది.

1820లో కోఠీ ఇంకొక పెద్ద అడుగు వేసినది. 60 లక్షల రూపాయల కొత్త అప్పుకు గవర్నర్ జనరల్ సమ్మతి కోరబడినది. ఉద్దేశాలుగా చెప్పినవి మంచివే: ఉద్యోగుల బకాయిలు తీర్చుట, సాహుకార్ల పాత బాకీలు తీర్చుట, వలసపోయిన రైతులు తిరిగి వచ్చుటకు తకావీ ఇచ్చుట. కలకత్తా కౌన్సిలు రెండుగా చీలినది. లార్డ్ హేస్టింగ్స్ తన నిర్ణాయక ఓటు వేసి అప్పును మంజూరు చేసినాడు.

ఆ సంవత్సరం చివరనే రస్సెల్ స్థానంలో చార్లెస్ మెట్‌కాఫ్ రెసిడెంటుగా వచ్చినాడు. ఇతడు తరువాత తాత్కాలిక గవర్నర్ జనరలుగా 1835లో ఈ దేశపు పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చినవాడు. పామర్ కుటుంబానికి పాత మిత్రుడు కూడా. స్నేహం పక్కనబెట్టి లెక్కలు అడిగినాడు. చూడగా 60 లక్షలలో పెద్దభాగం కొత్తగా ఖజానాకు చేరిన సొమ్ము కాదని, కోఠీకి నిజాం సర్కారు ఉన్న పాత బాకీనే ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మార్చినారని, పైగా 8 లక్షలు బహుమానం కింద కలిపినారని ఆయన తేల్చినాడు. అప్పు పుట్టినది కాగితం మీద, వడ్డీ మాత్రం నాణెం రూపంలో.

మెట్‌కాఫ్ సూచించిన మార్గం సులభమైనది. కుంఫిణీ హామీతో నూటికి 6 వడ్డీకి కలకత్తాలో అప్పు తీసి, కోఠీ బాకీని ఒక్కసారిగా తీర్చివేయుట. లార్డ్ హేస్టింగ్స్‌కు ఇది ఆగ్రహం కలిగించినది. తన ఇంటివారి మీద దాడిగా ఆయన భావించినాడని ఉత్తరాలు చదివినవారికి తోస్తుంది. మెట్‌కాఫ్ వెనుకకు తగ్గలేదు. జిల్లాలకు ఇంగ్లీషు అధికారులను పంపి, గ్రామాలవారీగా శిస్తు నిర్ణయింపజేసినాడు. పోయిన రైతులు కొన్నిచోట్ల తిరిగి వచ్చినారు. అయితే ఇందులోనూ ఒక చిక్కు కలదు: రైతుకు మేలు జరిగిన మాట నిజమే గాని, ఆ మేలు పేరిట నిజాం జిల్లాలలో కుంఫిణీ అధికారులు కూర్చున్నారు. నవాబు నాసిరుద్దౌలా 1829లో గద్దెనెక్కగానే వారిని ఉపసంహరించుమని కోరినాడు. మెట్‌కాఫ్‌ను కేవలం రక్షకునిగా చిత్రించే ఇంగ్లీషు జీవితచరిత్రలను మన విద్యార్థులు కొంత జాగ్రత్తగా చదువవలసి ఉంటుంది.

లండన్‌లోని డైరెక్టర్లు కోఠీ వ్యవహారాలను ముగించుమని ఆజ్ఞాపించినారు. 1823 జనవరిలో లార్డ్ హేస్టింగ్స్ ఈ దేశం విడిచి వెళ్ళినాడు. ఇక నిజాం బాకీ తీర్చు ప్రశ్న. ఇక్కడే ఈ కథ కృష్ణా గోదావరీ తీరాల తెలుగువారిని నేరుగా తాకుతుంది.

శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు – ఈ ఉత్తర సర్కారులు కుంఫిణీ చేతికి పోయినప్పటి నుండి వాటికి బదులుగా కుంఫిణీ నిజాముకు ఏటేట పేష్కషు చెల్లించవలసి ఉండేది. 1820ల నాటికి ఆ మొత్తం సాలుకు 7 లక్షల రూపాయలు. భూమి పోయినా, ఆ తీరాంధ్ర జిల్లాలకు హైదరాబాదుతో మిగిలిన సంబంధం ఈ 7 లక్షలే. పామర్ బాకీ తీర్చుటకు 1823లో ఆ పేష్కషును శాశ్వతంగా అమ్మివేసినారు. కుంఫిణీ 1,16,66,666 రూపాయలు ఒక్కసారిగా ఇచ్చి, ఏటేటి చెల్లింపు బాధ్యత నుండి విముక్తి పొందినది. ఈ వింత అంకె ఎక్కడిదని మేము కొంతసేపు ఆలోచించినాము. నూటికి 6 చొప్పున సాలుకు 7 లక్షల వడ్డీ తెచ్చే అసలు సరిగ్గా అంతే! అనగా నిజాం అప్పు తీసుకున్నప్పుడు వడ్డీ 18, 25. నిజాం తన ఆస్తిని అమ్మినప్పుడు లెక్కించిన వడ్డీ 6. అదే 25 చొప్పున కట్టితే 7 లక్షల రాబడికి విలువ 28 లక్షలే అవుతుంది గనుక అమ్మకంలో నిజాముకు నష్టమేమీ జరుగలేదని వాదించవచ్చును. ఆ వాదంలో బలమున్నది. కాని 6కు అప్పు దొరికే కాలంలో పాతికకు అప్పు చేయించినవారెవరన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది. ఏటేటా వచ్చే సొమ్ము పోయినది, ఒక్కసారి వచ్చిన సొమ్ములో అధికభాగం కోఠీకి చేరినది.

ఇంత సొమ్ము చేరినా కోఠీ నిలువలేదు. సర్కారుతో లావాదేవీలు నిషేధింపబడగానే పలుకుబడి పోయినది. అమీరుల వద్ద నిలిచిన బాకీలు రాలేదు, డిపాజిట్లు వేసినవారు తిరిగి అడగసాగినారు. 1824లో విలియం పామర్ అండ్ కంపెనీ దివాలా తీసినది. ఆరేండ్ల తరువాత, 1830లో, కలకత్తాలో ఆయన సవతి సోదరుడు జాన్ పామర్ నడిపిన ప్రఖ్యాత వర్తక సంస్థ కూడా కూలిపోయినది.

లండన్‌లో మాత్రం మాటల యుద్ధం మిగిలినది. హైదరాబాదు పత్రాలు అచ్చయినవి. 1825లో కుంఫిణీ వాటాదారుల సభలో దినాల తరబడి చర్చ జరిగినది. లార్డ్ హేస్టింగ్స్ వ్యక్తిగత నిజాయితీకి మచ్చ లేదని అధిక సంఖ్యాకులు తేల్చినారు. సభలో మాట్లాడిన వారందరూ ఒక ప్రభువు గౌరవం గురించి మాట్లాడినారు. బీరారు రైతు ప్రస్తావన వచ్చినా అది ఆ గౌరవాన్ని సమర్థించుటకో, ఖండించుటకో మాత్రమే వచ్చినది. రంబోల్డ్ తన హక్కుల కొరకు పోరాడుతూ మళ్ళీ ఇక్కడికే వచ్చి 1833లో మరణించినాడు.

పామర్‌ను ఏమనవలె? దోచుకొనిపోవుటకు వచ్చినవాడని అనుటకు వీలు లేదు, ఆయన ఎక్కడికీ పోలేదు. ఫైజ్ బక్ష్ బేగం కూడా తన వృద్ధాప్యంలో ఈ నగరంలో కొడుకు చెంతనే గడిపినది. ఫారసీ, ఉర్దూ తెలిసిన ఆ ఇంట దొరలు, అమీరులు ఒకే గదిలో కూర్చుండి మాట్లాడుకునేవారని ఆయన అల్లుడు మెడోస్ టేలర్ తన ఆత్మకథలో గౌరవంగా వ్రాసుకున్నాడు. పిండారీల, ఠగ్గుల కాలపు దక్కను మీద నవలలు వ్రాసిన ఈ టేలర్ నిజాం సైన్యంలో అధికారి. 1832లో పామర్ కుమార్తె మేరీని వివాహమాడినాడు. అన్యాయానికి గురైన అల్పసంఖ్యాకుడని పామర్‌ను పూర్తిగా సమర్థించుటకు కూడా వీలు లేదు. తనకు మూసిన ద్వారం పక్కన ఆయన తెరచుకున్న కిటికీ నుండి వచ్చిన గాలి కొన్ని వేల కమతాలను ఎండగట్టినది. ఆ రెండూ ఒకే మనిషి విషయంలో నిజమే.

కోఠీ మూతపడినంత మాత్రాన అప్పు చేసే పద్ధతి ఆగలేదు. చందూలాల్ 1843 దాకా అధికారంలో ఉన్నాడు. పామర్ స్థానంలో బేగంబజారు సాహుకార్లు, పెస్తన్‌జీ అను పార్సీ కోఠీ వచ్చి చేరినవి. పెస్తన్‌జీ కూడా 1840లలో బీరారు వసూళ్ళు చేజారి నష్టపోయినాడు. కంటింజెంటు జీతాల బకాయి మళ్ళీ పెరిగినది, ఈసారి అప్పు ఇచ్చినది స్వయంగా కుంఫిణీయే. 1853 మేలో ఆ బాకీ కింద బీరారు జిల్లాలను డల్హౌసీ ప్రభుత్వం రాయించుకున్నది. అదే నెలలో ఇరవైనాలుగేండ్ల సాలార్ జంగ్ దివాను పదవి స్వీకరించి, ఇజారాలను క్రమంగా తొలగించి, 1865లో జిల్లాబందీ ద్వారా జీతగాండ్రైన అధికారులను నియమించినాడు. సంస్థానానికి స్వంత బ్యాంకు ఏర్పడుటకు ఇంకా చాలాకాలం పట్టినది. హైదరాబాదు స్టేట్ బ్యాంకు చట్టం 1941లో వచ్చినది, మరుసటి ఏడు గన్‌ఫౌండ్రీలో దాని తలుపులు తెరచుకున్నవి. అది 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది.

విలియం పామర్ ఇవన్నీ దాదాపు చూసినాడు. తన బాకీకి మొదట తనఖా పడిన బీరారు కుంఫిణీ పరమగుటను చూసినాడు, 1857 చూసినాడు, జిల్లాబందీ చూసినాడు. దివాలా తీసిన తరువాత నలభైమూడేండ్లు ఈ నగరంలోనే జీవించి 1867లో, 87వ ఏట, ఇక్కడనే కన్నుమూసినాడు. రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజారు ఆ తరువాత కూడా బ్రిటిష్ అధికారం కిందనే ఉండి, 1933లో తిరిగి నిజాం సర్కారు స్వాధీనమై సుల్తాన్ బజారు అయినది. బస్సు బడీచౌడీ దాటి కోఠీ చేరుతున్నప్పుడు మన కిటికీ వెలుపల కనిపించే అంగళ్ళు ఆ బజారువే.